విమానం ముక్కుకి టోపీ: రెండు రోజుల పని అనుకున్నాను

మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ మర్నాడు మొదలుపెట్టాను ఈ పని. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి మాను మీదకి జనం విసిరిన అరటిపళ్లు కోట ముందు రోడ్డంతా చితికి ఉన్నాయి. స్కూటర్ రెండుసార్లు జారింది. ఇంట్లో చెప్పి బయల్దేరిన మాట ఒకటే: "విమానానికి స్పిన్నర్ ఒక్కటే మిగిలింది, రెండు రోజుల్లో బిగించేస్తాను." డెబ్బై రోజులు పట్టింది.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ని. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లల చేత ఆకురాయి పట్టించాను. నెల్లిమర్ల దారిలో పాత బియ్యం మిల్లు గోదాము ఒకటి అద్దెకి తీసుకుని, ఆరేళ్లుగా రెండు సీట్ల చిన్న విమానం కిట్టు కడుతున్నాను. రేకు పని, రివెట్లు, తీగలు, చక్రాలు అన్నీ అయ్యాయి. ఇంజన్ రోటాక్స్ 912 యూఎల్ఎస్, వంద హార్స్‌పవర్‌ది. ప్రొపెల్లర్‌కి మూడు బ్లేడ్లు, నేల మీద ఉన్నప్పుడు బోల్టులు వదులుచేసి బ్లేడు కోణం మార్చుకునే రకం. "ఎప్పుడు ఎగురుతుంది మాస్టారూ?" అని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు. ముంబై కాందివలిలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ 2017లో గానీ రాలేదు. ఏళ్ల తరబడి తిరిగాడాయన. నాదింకా కాగితాల తొలిమెట్టు మీదే ఉంది. కాగితాలు వచ్చేలోగా పని ఆపుకోవడం ఎందుకని కడుతూ పోతున్నాను.

స్పిన్నర్ అంటే ప్రొపెల్లర్ నడిమధ్య ఉండే కోసుగా ఉన్న టోపీ. ఫొటోల్లో చూసినవాళ్లు అది అందానికి అనుకుంటారు. మా ఆవిడ దాన్ని ముక్కుపుడక అంది. నిజానికి దానికి పనుంది. ప్రొపెల్లర్ మధ్యభాగం, అదే బోల్టులుండే మొద్దు భాగం, గాలిని నెట్టదు, ఊరికే అడ్డుపడుతుంది. టోపీ ఉంటే గాలి దాని మీదుగా జారి ఇంజన్ మూతకి ఉన్న రంధ్రాల్లోకి సాఫీగా వెళ్తుంది. రోటాక్స్‌లో సిలిండర్ తలకాయలకి నీళ్ల చల్లదనం ఉన్నా, సిలిండర్లకి గాలే దిక్కు. అంచేత ఎండాకాలం మా విజయనగరంలో టోపీ లేకుండా ఇంజన్ తిప్పాలంటే నాకు మనసొప్పదు.

మొత్తం సామాను మూడు ముక్కలు. ఫైబర్‌గ్లాస్ టోపీ, అడుగున 250 మిల్లీమీటర్ల వ్యాసం, కొన దాకా 300 ఎత్తు. వెనకాల అల్యూమినియం పళ్లెం, అంచు మడిచి తాంబాళంలా ఉంటుంది. గేర్‌బాక్సు ఫ్లాంజికీ, అంటే ప్రొపెల్లర్‌ని బోల్టులతో బిగించే చక్రంలాంటి అంచుకీ, ప్రొపెల్లర్‌కీ మధ్య శాండ్‌విచ్ అయిపోతుందది. మూడోది ముందు బిళ్ళ, ప్రొపెల్లర్‌కి ముందువైపున కూర్చుని టోపీని లోపల నుంచి ఆనిస్తుంది. టోపీ పళ్లెం అంచుకి స్క్రూలతో పట్టుకుంటుంది. అంతే. బొమ్మ గీస్తే మూడో తరగతి పిల్లాడికి అర్థమవుతుంది. అందుకే రెండు రోజులన్నాను.

పని మొదలుపెట్టేముందు ఒక లెక్క వేసుకోవాల్సింది. నేను వేసుకున్నది సగం పని పాడయ్యాక. ఈ ఇంజన్ పూర్తి వేగం నిమిషానికి 5800 చుట్లు. గేరు 2.43కి ఒకటి, కాబట్టి ప్రొపెల్లర్ దాదాపు 2387 చుట్లు తిరుగుతుంది, సెకనుకి నలభై. టోపీ అంచు మధ్య నుంచి 125 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఆ వేగానికి అంచు దగ్గరున్న ఏ వస్తువైనా తన బరువుకి ఎనిమిది వందల రెట్లు బలంతో బయటికి లాగుతుంది. ఒక గ్రాము వాషరు ముప్పావు కిలో పైన లాగుతుందన్నమాట. ఒక పక్క పది గ్రాములు ఎక్కువుంటే ఎనిమిది కిలోల సుత్తి సెకనుకి నలభైసార్లు ఇంజన్‌ని పక్కకి లాగుతున్నట్టు. ఈ అంకె కాగితం మీద చూశాక నేను ఆ టోపీని ముక్కుపుడక అనడం మానేశాను.

ఇంకో మాట చెప్పి ముందుకెళ్తాను. ఈ పనంతా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతూ చెయ్యాలి, ఒకటి రెండుసార్లు కాదు, వందలసార్లు. అందుకని బ్యాటరీ తీగ తీసేశాను, ఇగ్నిషన్ స్విచ్చులు రెండూ ఆపి ఉన్నాయని నేనొకసారి, మేనల్లుడొకసారి చూశాం. చక్రాల ముందూ వెనకా ఇటుకలు పెట్టాం. నాలుగు సిలిండర్లకి మొత్తం ఎనిమిది ప్లగ్గులుంటే సిలిండర్‌కి ఒకటి చొప్పున నాలుగు విప్పాం. కంప్రెషన్ పోతే తిప్పడం తేలిక, ఉలిక్కిపడేలా కదలదు. స్విచ్చి ఆపినా దాని తీగ ఎక్కడో తెగి ఉంటే ఇంజన్ బతికే ఉన్నట్టు లెక్క. రోటాక్స్‌ని వెనక్కి తిప్పకూడదు కూడా. ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిరగాలది. వెనక్కి తిప్పితే వాల్వుల్ని ఎత్తే, నూనెతో నిండి ఉండే లిఫ్టర్లలోకి గాలి పోతుంది. మా మేనల్లుడికి ఇది ఎక్కించేసరికి తాతలు దిగొచ్చారు. "సుద్దముక్కతో బాణం గీసేయ్ మావా" అన్నాడు చివరికి. గీశాం. ఆ బాణం ఇప్పటికీ పళ్లెం వెనకాల ఉంది.

మొదటి వారం బాగానే నడిచింది. కిట్టులో వచ్చిన పళ్లేనికి బోల్టు రంధ్రాలు లేవు, మధ్యలో చుక్క మాత్రం ఉంది. గేర్‌బాక్సు ఫ్లాంజికి తగ్గట్టు ఆరు రంధ్రాలు నేనే వేశాను, పళ్లెం బిగించి ప్రొపెల్లర్ ఎక్కించాను. తర్వాత టోపీకి బ్లేడ్లు దూరే కోతలు.

టోపీ ముందు నుంచి ఎక్కుతుంది కాబట్టి ఒక్కో బ్లేడుకీ టోపీ వెనక అంచు నుంచి పైకి గాడి కొయ్యాలి, బ్లేడు మొదలు ఆ గాడి చివర కూర్చోవాలి. బ్లేడుకి వెనకాల మిగిలిపోయే ఖాళీని ఆ కోసిన ముక్కతోనే పూడ్చి పళ్లేనికి కడతారు. మూడు గాడులూ సమదూరంలో ఉండాలి. 250 వ్యాసానికి చుట్టుకొలత 785, మూడో వంతు 262కి పిసరు తక్కువ. కాగితం పట్టీ చుట్టి మూడు మడతలు పెట్టడం సులువే, కానీ కాగితం మన వాతావరణంలో సాగుతుంది. పొద్దున్న కొలిచింది సాయంత్రానికి మిల్లీమీటరు పెరిగింది. తీసి పారేసి స్టీలు టేపుతోనే గుర్తులు పెట్టాను. 262, 262, 261. ఆ మాత్రం తేడా ఆకురాయి చూసుకుంటుంది.

అట్టముక్కలు బ్లేడు చుట్టూ ఒక్కొక్కటి పేర్చి, టేపు అంటించి, ఆ ఆకారాన్ని టోపీ మీదకి ఎక్కించి, గీతకి అయిదు మిల్లీమీటర్లు లోపలే కోశాను. కోసింది అతకదు, కోయనిది ఎప్పుడైనా కొయ్యొచ్చు. దర్జీలందరికీ తెలిసిన సంగతే. తర్వాత ఆకురాయితో, ఎమెరీ కాగితం చుట్టిన చీపురు కర్రతో కొద్దికొద్దిగా. చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల సందు వచ్చేదాకా టోపీ ఎక్కించడం, దింపడం. బ్లేడు కోణం మారిస్తే మొదలు కూడా కాస్త తిరుగుతుంది కాబట్టి, అటు చివరా ఇటు చివరా కోణం పెట్టి రెండుసార్లు చూసుకోవాలి.

గాజు పీచు దుమ్ము గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ముక్కుకి మాస్కు పెట్టాను, కళ్లకి అద్దాలు పెట్టాను, చేతులు మర్చిపోయాను. ఆ రాత్రి మోచేతుల నుంచి మెడ దాకా దురద, దురదగొండాకు రాసినట్టు. వేడినీళ్లు పోసుకుంటే ఇంకా ఎక్కువైంది. చన్నీళ్లు పోసుకోవాలట, ముందే చేతులకి పౌడరు పూసుకోవాలట. ఇవన్నీ తర్వాత చింతపల్లిలో పడవలు బాగుచేసే ఆయన చెప్పాడు. మా ఆవిడ ఆ చొక్కాని ఇంట్లోకి రానివ్వలేదు.

ఇక అసలు సంగతి. టోపీని పళ్లేనికి బిగించే పన్నెండు రంధ్రాలు. రెండేసి బ్లేడ్ల మధ్య నాలుగు చొప్పున. టోపీ పైనుంచి చూస్తే లోపల పళ్లెం అంచు ఎక్కడుందో తెలీదు. కానీ రంగు వెయ్యని ఫైబర్‌గ్లాస్‌కి వెలుగు దాచడం రాదు. సాయంత్రం ఆరున్నరకి షెడ్డులో లైట్లు ఆపి, ఫోను టార్చి వెలిగించి వెనక నుంచి పళ్లెం కిందకి పెట్టాను. టోపీ మొత్తం తేనెరంగులో వెలిగింది, లోపల పీచు నేత కూడా కనిపిస్తోంది, అడుగున పళ్లెం అంచు నల్లటి పట్టీలా. ఆ పట్టీ మధ్యన పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోయాను. మేనల్లుడు ఫొటో తీశాడు. మా ఇద్దరికీ ఆ సాయంత్రం చాలా గర్వంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే పన్నెండూ వేసేశాను. ఎదురెదురుగా వెయ్యాలన్నది తెలుసు, అలాగే వేశాను. ఒక్కో రంధ్రంలో స్ప్రింగు పిన్ను పెట్టి పట్టించాను. అంతా చక్కగా ఉంది. ఒక్కటే చెయ్యలేదు. రంధ్రాలు వెయ్యకముందు టోపీ కొన నిలకడగా తిరుగుతోందా అని చూడలేదు. టోపీ చూడ్డానికి అంత తిన్నగా కూర్చుంది మరి.

స్టూలు మీద ఇటుకలు పేర్చి, వాటి మీద అట్ట నిలబెట్టి, టోపీ కొనకి వెంట్రుకవాసి దూరంలో ఉంచాను. మేనల్లుడు బ్లేడు పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. కొన ఒకచోట నిలబడి తిరగాల్సింది పోయి, అట్ట మీద చిన్న సున్నా చుట్టింది. గుర్తులు పెట్టి కొలిచాను. అడ్డంగా నాలుగు మిల్లీమీటర్లు. ఒకటిన్నర దాకా అయితే సర్దుకోవచ్చనుకున్నాను. నాలుగు చాలా ఎక్కువ.

"ఇప్పుడేటి చేద్దాం మావా?" అన్నాడు వాడు. నేను టోపీనే చూస్తున్నాను. స్క్రూ రంధ్రాలు కాస్త పెద్దవి చేసి టోపీని పక్కకి జరిపితే? ముందు బిళ్ళ కింద ఒక పక్క పలుచటి రేకు పెడితే? నాకు తట్టినవన్నీ కొన దగ్గరి వైద్యాలే.

మా అమ్మకి ఎనభై దాటింది. ఆరోజు నాకు భోజనం పట్టుకుని ఆటోలో వచ్చింది, షెడ్డు చూడాలని ఎప్పట్నుంచో అడుగుతోంది. కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కాసేపు చూసింది.

"ఏట్రా అది? దాని ముక్కు అలగ ఊగుతాంది?"

"అదేనమ్మా చూస్తున్నాను."

"తిరగలి మేకు వంకరుంటే పైరాయి ఇలగే ఊగుద్ది. రాయిని సూస్తావేటి, మేకు సూడు."

ఇరవై ఎనిమిదేళ్లు నేను పిల్లలకి చెప్పిన పాఠం ఇదే, వేరే మాటల్లో. ముక్కని బిగించి పట్టుకునే వైసులో అది వంకరగా ఉంటే ముందు వైసు దవడ చూడరా అని తిట్టేవాణ్ని. నా బల్ల సొరుగులో డయల్ గేజి, వెంట్రుకవాసి వంకరని కూడా ముల్లుతో చూపించేది, ఉంది, ఐటీఐ వదిలిన రోజు సొంతంగా కొనుక్కున్నది. ఆరేళ్లలో పళ్లెం దగ్గర దాన్ని బయటికి తియ్యలేదు.

టోపీ దింపి పళ్లెం అంచు మీద గేజి ముల్లు ఆనించాం. ఒక చుట్టులో 0.7 మిల్లీమీటరు అటూ ఇటూ. అంటే పళ్లెమే వంకర. ప్రొపెల్లర్ విప్పి, పళ్లెం తీసి, వెనక్కి తిప్పి గోటితో తడిమాను. ఆరు బోల్టు రంధ్రాల్లో ఒకదాని అంచున సన్నని ముల్లు తగిలింది. డ్రిల్లు బయటికి వచ్చే వైపు రేకు అలా లేస్తుంది, వర్క్‌షాపులో దాన్ని బర్ అంటాం. మిగతా అయిదింటికీ గీకాను, ఆరోదానికి మర్చిపోయాను. ఆ ఉదయం ఎవరో పిలిచి ఉంటారు, టీ అనో, కరెంటు బిల్లనో.

ముల్లు ఎత్తు 0.3 మిల్లీమీటరు. ఫ్లాంజి వ్యాసం దాదాపు 100. వంద మీద 0.3 వాలు ఉంటే 300 ఎత్తున ఉన్న కొన 0.9 పక్కకి పోతుంది, తిరిగినప్పుడు అది 1.8 వ్యాసమున్న సున్నా అవుతుంది. మిగతా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు నా టోపీదే, వంకర పళ్లెం మీద తిన్నగా కనిపించేలా సర్ది రంధ్రాలు వేశాను కదా. తప్పు మీద తప్పు కూర్చుంది.

పళ్లెం వెనక భాగాన్ని అద్దం పలక మీద ఎమెరీ కాగితం పరిచి చదును చేశాను. ఫ్లాంజి కూర్చునే చోట ప్రైమరు కూడా గీకేశాను, అక్కడ రంగు ఉండకూడదు. మళ్లీ బిగించి గేజి పెడితే 0.15. బతికాను. కానీ టోపీకి పన్నెండు రంధ్రాలు తప్పుచోట ఉన్నాయి. కొత్త టోపీ తెప్పించాలంటే విదేశం నుంచి రావాలి, కస్టమ్సు, నెలలు. పూడ్చాలి.

ఫైబర్ పని నాకు అంతంతమాత్రం. మన తీరం పొడుగునా ఫైబర్ పడవలు ఉన్నాయి, అవి చిల్లులు పడతాయి, వాటిని బాగుచేసేవాళ్లూ ఉంటారు. పూసపాటిరేగ దాటి చింతపల్లి ఒడ్డుకి వెళ్లాను. తాటాకు పందిరి కింద బోటు బోర్లించి అడుగుకి గాజు పీచు మ్యాటు వేస్తున్నాడాయన. టోపీ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, "బావూ, ఇదేటి, సిమ్నీ మీద మూతా?" అన్నాడు. విమానమంటే నవ్వాడు. రంధ్రాలు చూపిస్తే మాత్రం నవ్వు ఆపేశాడు.

"బెజ్జంలో మందు కూరితే అది బిరడా. దెబ్బ తగిల్తే ఊడొచ్చేస్తాది. రెండేపులా పళ్లెంలాగ గీకు. మధ్యన బెజ్జం, సుట్టూ వాలు. ఆ వాలులో గుడ్డ బిళ్ళలు పెట్టు, సిన్నది ముందు, పెద్దది పైన."

రంధ్రం నాలుగు మిల్లీమీటర్లయితే చుట్టూ వేలెడు వెడల్పు వాలు చెక్కమన్నాడు. ఒకటి ఆయనే చేసి చూపించాడు, గాజు ముక్కతో గీకుతూ. ఒక్కచోట మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. ఆయన వాడేది పాలియెస్టర్ రెజిను, కోబాల్టు, హార్డెనరు కలిపేది. గంటలో గట్టిపడుతుంది, చవక. నా టోపీ ఎపాక్సీతో చేసింది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు, పాలియెస్టర్ మీద ఎపాక్సీ అయితే పడుతుంది. ఆ మాట చెప్తే "మీది మీరు సూసుకోండి" అని, సన్నటి గాజుగుడ్డ గజం ముక్క ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. మర్నాడు మేనల్లుడి చేత నాలుగు కేజీల నాటు మావిడి తాండ్ర పంపాను.

అప్పుడు పట్టుకుంది ముసురు. బంగాళాఖాతంలో ఏదో ఒకటి పుడుతూనే ఉంటుంది ఆ రోజుల్లో. గాలిలో అంత తేమ ఉంటే ఎపాక్సీ పైన మైనం రాసినట్టు జిడ్డు పొర కడుతుంది. దాని మీదే ఇంకో పూత వేస్తే అతుక్కోదు. మొదటి రెండు రంధ్రాలకి అదే అయింది. పొర కనపడదు, వేలు పెడితే జారుతుంది. సబ్బు పీచుతో మంచినీళ్లు పెట్టి కడిగి, ఆరబెట్టి, గరుకు చేసి మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. తర్వాత నుంచి వాన తెరిపిచ్చిన రోజే పని, వందవాట్ల బల్బు పక్కన. పన్నెండు రంధ్రాలకి పందొమ్మిది రోజులు. ఈ పందొమ్మిది రోజుల గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు, గీకడం, పుయ్యడం, ఎదురుచూడడం.

రెండోసారి రంధ్రాలు వేసేముందు టోపీని పళ్లెం మీద టేపుతో మాత్రమే నిలబెట్టాను. అట్ట పెట్టాం, తిప్పాం. కొన ఎటు జరిగితే అటువైపు టేపు లాగి బిగించడం. ఇలా ఒక పూటంతా. సాయంత్రానికి కొన అట్ట మీద ఒక చుక్కలోనే తిరిగింది, మహా అయితే ముప్పావు మిల్లీమీటరు. అప్పుడు ఒక్క రంధ్రం వేశాను. పిన్ను పెట్టి మళ్లీ తిప్పాం. ఎదురుది వేశాను, మళ్లీ తిప్పాం. మేనల్లుడు విసుక్కున్నాడు, నేను వినలేదు. పాత రంధ్రాలకీ కొత్తవాటికీ మధ్య కనీసం ఇరవై మిల్లీమీటర్లు ఎడం ఉండేలా మొత్తం వరసని పక్కకి జరిపాను. ముందు బిళ్ళ మీద పలుచటి వాషర్లు పేర్చి, టోపీని చేత్తో గట్టిగా నొక్కితే గానీ స్క్రూ రంధ్రాలు కలవకుండా చూశాను. అలా ఒత్తిడి మీద కూర్చుంటే ముందు బిళ్ళ దగ్గర టోపీ కొట్టుకోదు, పగుళ్లు రావు.

పళ్లెం అంచు లోపల వైపు ప్లేటు నట్లు, ఒక్కోదానికి రెండు చిన్న రివెట్లు. టోపీ వైపు స్క్రూ తల కింద గిన్నెలాంటి వాషరు. ఫైబర్‌గ్లాస్‌లో తల నేరుగా కూర్చుంటే బిగించినప్పుడు చుట్టూ నలుగుతుంది. వీటిల్లో రెండు నట్లలో స్క్రూ మరీ బిగుతుగా వెళ్తోంది. ఈ నట్లకి ఆ బిగుతే ప్రాణం, అదే వాటి తాళం. నాకు తెలుసు. అయినా ఒకదాంట్లో మర తొలిచే ట్యాప్ తిప్పాను, చేతులు నొప్పిపుట్టి. మా ఐటీఐలో ఎవరైనా కుర్రాడు ఆ పని చేస్తే ఆ జాబుకి సున్నా వేసేవాణ్ని.

బ్లేడు వెనక పూడిక ముక్కలు మూడూ ఒకే బరువుండాలి. ఇంట్లో తూకం గ్రాముల్లో చూపించదు. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర తెలిసిన కంసాలి దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన కాటా మీద 11.4, 11.9, 13.6 గ్రాములు. "తరుగు ఎంత తీసెయ్యమంటారు?" అన్నాడు నవ్వుతూ. ఆ దుకాణం అరుగు మీదే కూర్చుని ఎమెరీ కాగితంతో రుద్ది, మూడూ 11.4కి తెచ్చాను. స్క్రూలూ వాషర్లూ కూడా ఒకేసారి తూచి ఎదురెదురువి జత చేశాను.

ఇంజన్ మూతకీ టోపీకీ మధ్య సందు అయిదు మిల్లీమీటర్లు ఉంచాను. ఇంకా తక్కువుంటే అందంగా ఉంటుంది నిజమే, కానీ ఇంజన్ రబ్బరు దిమ్మల మీద ఉంది. స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ అది పూనకం వచ్చినట్టు ఊగుతుంది. కొత్త రబ్బర్లు కొన్నాళ్లకి కిందకి దిగుతాయి కూడా, అందుకని టోపీ మూత గీత కన్నా రెండు మిల్లీమీటర్లు పైనే ఉంది. చూసినవాళ్లందరూ "కాస్త పైకి లేచింది మాస్టారూ" అంటున్నారు. లేవనీ.

రంగు పసుపు. మేనల్లుడు తెల్లటి సుడి గీత కావాలన్నాడు, విశాఖలో ఎక్కిన విమానం జెట్ ఇంజన్ మధ్యలో చూశాట్ట. ఆ గీత ఇంజన్ తిరుగుతోందని నేల మీది మనుషులకి తెలియడానికి. మనకెందుకురా అన్నాను గానీ, వేశాక తెలిసింది, గీత ఉంటే ఊగు ఇట్టే పట్టేస్తుంది కంటికి.

డిసెంబరు మూడోవారంలో ఇంజన్ తిప్పాం. తోకని వెనకాల వేపచెట్టు మొదలుకి తాళ్లతో కట్టి, చక్రాలకి దుంగలు పెట్టి, ప్రొపెల్లర్ పక్కలకి ఎవర్నీ రానివ్వకుండా తాడు లాగాం. ప్రతి స్క్రూ తల మీదుగా టోపీ మీదకి నెయిల్ పాలిష్‌తో ఎర్రగీత గీశాను, స్క్రూ తిరిగితే గీత తెగుతుంది. పాలిష్ మా ఆవిడది. రెండు నిమిషాలు 2000 చుట్ల దగ్గర, తర్వాత 2500 దగ్గర, ఆయిలు వేడి యాభై డిగ్రీలు దాటేదాకా. తర్వాత 4000కి తెచ్చాను, ప్రొపెల్లర్ 1650 చుట్లు. సుడి గీత కొనలోకి పాకిపోతున్నట్టు కనిపించింది, కొన మాత్రం కదల్లేదు. అమ్మ దూరంగా కుర్చీలో కూర్చుని రెండు చెవులూ కొంగుతో మూసుకుంది.

ఆపి, స్విచ్చులు చూసి, బ్యాటరీ తీసి, చల్లారాక దగ్గరికెళ్లాం. పదకొండు గీతలు బాగున్నాయి. ఏడో స్క్రూ గీత తెగింది, పావు చుట్టు వదులైంది. ఏ నట్టో చూడక్కర్లేదు, ట్యాప్ తిప్పినదే. రివెట్లు తొలిచి ఆ నట్టు తీసి కొత్తది వేశాను. ప్రొపెల్లర్ బోల్టులు మళ్లీ బిగింపు కొలిచే టార్కు రెంచితో చూశాను, కదల్లేదు. గాడుల మూలల్లో భూతద్దం పెట్టి పగుళ్లు వెతికాను, లేవు.

రెండ్రోజుల తర్వాత మళ్లీ తిప్పాం, అంతే సేపు. పన్నెండు గీతలూ చెదరలేదు. పాలిష్ సీసా మాత్రం అడుగంటింది. అదే రంగు మా ఊళ్లో దొరకలేదు, విశాఖ వెళ్లినప్పుడు తెస్తానని మేనల్లుడు వాళ్లత్తకి మాటిచ్చాడు.